బాల్కనీ, డ్రెస్ సర్కిల్, మెజనైన్: టికెట్టు కొనేముందే మీ సీటు ఏ అంతస్తో తేల్చుకునే పద్ధతి

తిరుపతిలో ఇప్పుడు ఏ వీధిలో చూసినా ఒకరిద్దరి పిల్లలు అమెరికాలోనో లండన్‌లోనో ఉంటారు. అమ్మానాన్నలు చూడటానికి వెళ్తారు, పిల్లలు సంబరంగా ఏదో పెద్ద థియేటర్‌కి టికెట్లు బుక్ చేస్తారు, ఆ టికెట్టు ఫొటో నాకొస్తుంది. "రియర్ మెజనైన్ అని ఉంది, ఇది కిందా పైనా?" "డ్రెస్ సర్కిల్ అంటే సూటు వేసుకోవాలా?" "అప్పర్ సర్కిల్ అంటే మన బాల్కనీయేనా సామీ?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి ఇక ఒకేసారి రాసి పెడుతున్నా.

మన ఊళ్లో సినిమాకు వెళ్లేవాళ్లకూ ఇది పనికొస్తుంది, ఎందుకంటే చిక్కు ఎక్కడైనా ఒక్కటే: పేరు చూసి ఎత్తు చెప్పలేం. ఒక హాల్లో మొదటి అంతస్తుకు పెట్టిన పేరే ఇంకో హాల్లో నాలుగో అంతస్తుకు ఉంటుంది. అందుకే పేరు చివర చూద్దాం, ముందు అంతస్తు లెక్కపెడదాం.

1. టికెట్ల పేజీ తెరవకముందు

ఒక కాగితం తీసుకుని ఇవి రాసుకోండి. రెండు నిమిషాల పని, కానీ సగం తప్పులు ఇక్కడే ఆగిపోతాయి.

- ఎవరెవరు వస్తున్నారు? మోకాళ్ల నొప్పులు ఎవరికి, ఎత్తు నుంచి కిందికి చూస్తే కళ్లు తిరిగేది ఎవరికి?
- చూడబోయేది ఏంటి: సినిమానా, నాటకమా, కచేరీనా, నాట్యమా?
- చిన్నపిల్లలు ఉన్నారా? విదేశాల్లో చాలా నాటకాలకు ఇంత వయసు దాటితేనే లోపలికి అని నిబంధన ఉంటుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం అంటే కుదరదు.
- మనిషికి ఎంత వరకు పెట్టగలరు?
- హాలు పూర్తి పేరు, ఊరు. ఒకే పేరుతో వేర్వేరు ఊళ్లలో హాళ్లుంటాయి, వెతికితే ఇంకో ఊరి మ్యాపు వచ్చేస్తుంది.

మోకాళ్ల సంగతి మొదట ఎందుకు రాశానంటే, నేను దెబ్బతిన్నది అక్కడే. ఒకసారి మా అమ్మను సినిమాకు తీసుకెళ్తూ, బాల్కనీ అంటే మర్యాదగా ఉంటుంది కదా అని పై టికెట్లు తీసుకున్నా. లిఫ్టు ఉందా అని అడగలేదు. మధ్య మలుపులో ఆగి, గోడకు ఆనుకుని, "కొండకు నడిచి పోయినప్పుడు కూడా నాకింత ఆయాసం రాలేదు నాయనా" అంది. కొండ దారిలో ఎక్కడంటే అక్కడ కూర్చోవచ్చు, ఇక్కడ వెనక వంద మంది తోసుకొస్తుంటారు, అదీ తేడా.

2. హాలును నిలువుగా కోసినట్టు గీయండి

బొమ్మ బాగా రావాల్సిన పని లేదు. ఎడమ చివర ఒక గీత: అది వేదిక, లేదా తెర. దాని ముందు నుంచి కుడివైపుకు కొంచెం పైకి లేస్తూ ఒక ఏటవాలు గీత: అది కింది నేల. ఆ గీత సగం దూరం పోయాక, దాని మీద గాల్లో ఇంకో ఏటవాలు గీత, కొంచెం నిటారుగా: అది మొదటి బాల్కనీ. దాని మీద ఇంకోటి ఉంటే ఇంకా నిటారుగా గీయండి.

ఇంట్లో గోడబీరువా అరలు ఎలా ఉంటాయో అలా అనుకోండి. కింది నేలకు 0, మొదటి అరకు 1, దాని పైదానికి 2, అలా నంబర్లు వేయండి.

ఈ నంబర్లు మనకు మనం పెట్టుకున్నవి, వాటినే పట్టుకోండి. ఎందుకంటే అమెరికాలో ఫస్ట్ ఫ్లోర్ అంటే మన గ్రౌండ్ ఫ్లోర్, బ్రిటన్‌లో ఫస్ట్ ఫ్లోర్ అంటే మనలాగే ఒక అంతస్తు పైన. టికెట్టు మీద ఫ్లోర్ అన్న మాట ఉంటే ఏ దేశమో చూసుకోకుండా నమ్మొద్దు.

తర్వాత ఆ హాలు సైటులో సీటింగ్ మ్యాపు తెరిచి, పైనుంచి కింద వరకు ఎన్ని అంతస్తుల పేర్లు ఉన్నాయో లెక్కపెట్టండి. మూడు పేర్లుంటే మూడు అరలా? అన్నిసార్లూ కాదు. "ఫ్రంట్ మెజనైన్", "రియర్ మెజనైన్" రెండు పేర్లు, అర మాత్రం ఒక్కటే. ఫ్రంట్, రియర్, మిడ్ లాంటి మాటలు ఒకే అరను ముందూ వెనకగా చీల్చినవి. అప్పర్, సెకండ్ లాంటివి సాధారణంగా వేరే అర.

3. మన దగ్గర పేర్లు

పాత హాళ్లలో తెర దగ్గర నుంచి వెనక్కి నేల, బెంచి, కుర్చీ, మెట్లెక్కితే బాల్కనీ. నేల టికెట్టు అనే మాట మిగిలింది గానీ నేల మిగల్లేదు. ఇప్పుడు తిరుపతి, చిత్తూరు వైపు సింగిల్ స్క్రీన్లలో వినపడే మాటలు, నా నంబర్లతో:

- సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్: రెండూ సాధారణంగా 0. తెరకు దగ్గరది సెకండ్, వెనకది ఫస్ట్.
- బాల్కనీ: 1. అయితే కింద చెప్పబోయే మెలిక ఒకటుంది.
- డ్రెస్ సర్కిల్, డీసీ: కొన్ని చోట్ల బాల్కనీకే ఇది రెండో పేరు. రెండు పేర్లూ బోర్డు మీద ఉంటే ఒకే అరను ముందు భాగం, వెనక భాగం అని విడగొట్టారని అర్థం. ఏది ముందు, ఏది వెనక అనేది హాలును బట్టి మారుతుంది, అడగాల్సిందే. సూటు అక్కర్లేదు, లుంగీ కాకుండా ఏదైనా సరే.
- బాక్స్: బాల్కనీ వెనకో పక్కనో చిన్న అడ్డుగోడ కట్టి నాలుగైదు సీట్లు వేసిన చోటు.

మెలిక ఏంటంటే, కొత్తగా కట్టినవాటిలోనూ బాగుచేసిన హాళ్లలోనూ కొన్నింటికి విడిగా అర అంటూ ఉండదు. ముందు నుంచి వెనక దాకా ఒకటే ఏటవాలు, స్టేడియం మెట్లలాగా. అక్కడ వెనక వరసల్నే అలవాటు కొద్దీ బాల్కనీ అంటారు. మెట్లు భయపెట్టేవాళ్లకు ఇది మంచి వార్తే, కాకపోతే "బాల్కనీ కదా, లిఫ్టు ఉంటుందిలే" అని వెళ్లి వరసల మధ్య మెట్లెక్కుతారు.

ఇంకో గందరగోళం యాప్‌లలో. బాల్కనీ అన్న మాటే కనపడదు, ప్రీమియం అనో ఇంకేదో అనో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో టికెట్ ధరల మీద 2021 ఏప్రిల్‌లో వచ్చిన ఉత్తర్వులో ప్రీమియం, డీలక్స్, ఎకానమీ అని మూడు తరగతులుండేవి, 2022 మార్చిలో వచ్చినదాంట్లో ప్రీమియం, నాన్ ప్రీమియం అని రెండే. అవి ధర పేర్లు, చోటు పేర్లు కావు. ప్రీమియం సీటు పైన అరలో ఉండొచ్చు, కిందే వెనకా ఉండొచ్చు.

కౌంటర్లో అడగాల్సిన ప్రశ్న, మాట మార్చకుండా ఇలాగే అడగండి: "అన్నా, బాల్కనీ విడిగా పైన ఉందా, లేక కిందే వెనక వరసలా? లిఫ్టు ఉందా?" "బాల్కనీ ఉందా" అని మాత్రమే అడిగితే "ఉంది" అనే జవాబు వస్తుంది, దానితో మీకేమీ తెలియదు.

మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం లాంటి చోట్ల టీటీడీ సంగీత కార్యక్రమాలు చాలావరకు ఉచితం కాబట్టి ఈ పేర్ల గొడవ లేదు, ముందు పోయినవాళ్లదే మంచి చోటు. ఇక మా చిత్తూరు పల్లెల్లో భారతం మిట్ట దగ్గర రాత్రి నాటకానికి చాప ఎక్కడ పరిస్తే అదే డ్రెస్ సర్కిల్.

4. ఊరు దాటాక పేర్లు

నాకొచ్చే ప్రశ్నల్లో ముప్పావు వంతు ఇవే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

లండన్

లండన్ నడిబొడ్డున పెద్ద నాటకశాలలుండే పేట వెస్ట్ ఎండ్. అక్కడి థియేటర్లలో మామూలుగా కనపడే వరస:

- 0: స్టాల్స్. మన చెవికి స్టాల్ అంటే టీకొట్టు. ఇక్కడ వేదిక ముందున్న కింది సీట్లు.
- 1: డ్రెస్ సర్కిల్. కొన్ని హాళ్లలో ఇదే రాయల్ సర్కిల్.
- 2: అప్పర్ సర్కిల్. కొన్ని హాళ్లలో ఇదే గ్రాండ్ సర్కిల్.
- 3: బాల్కనీ, లేదా గ్యాలరీ. అన్నిటికన్నా పైన.

మనవాళ్లు పడిపోయే గొయ్యి చివరి గీతలో ఉంది. మనకు బాల్కనీ అంటే ఖరీదైన చోటు, లండన్‌లో బాల్కనీ అంటే చాలాసార్లు కప్పుకు తగిలే చవక చోటు. డ్రూరీ లేన్‌లోని థియేటర్ రాయల్ తీసుకుంటే స్టాల్స్, రాయల్ సర్కిల్, గ్రాండ్ సర్కిల్, బాల్కనీ అనే వరస. అక్కడ బాల్కనీ మూడో అర. అలాంటి పై సీట్లకు ఇంగ్లీషువాళ్ల వాడుక పేరు "ది గాడ్స్", అంటే దేవుళ్ల పక్కన కూర్చున్నట్టు. మన బాల్కనీ మర్యాద కావాలంటే అక్కడ డ్రెస్ సర్కిలో రాయల్ సర్కిలో చూడాలి.

మళ్లీ అపోలో విక్టోరియాలో స్టాల్స్, డ్రెస్ సర్కిల్, అంతే, రెండే అంతస్తులు. రాయల్ ఆల్బర్ట్ హాల్‌కు వస్తే అంతా తలకిందులు: అరీనా, స్టాల్స్, బాక్సుల అంతస్తులు దాటాక సర్కిల్ వస్తుంది, దాని మీద గ్యాలరీ. వేరేచోట సర్కిల్ అంటే మొదటి అర, ఇక్కడ దాదాపు పై కొస. "సర్కిల్‌లో తీసుకున్నా, బాగా దగ్గరే" అని సంబరపడేముందు హాలు పేరు అడగండి.

ఇంకో సంగతి మన ఊహకు అందదు. లండన్ పాత థియేటర్లలో చాలాచోట్ల స్టాల్స్ వీధి కంటే కిందకి ఉంటాయి. డ్రెస్ సర్కిలే వీధి మట్టానికి దగ్గర. అంటే 0 తీసుకుంటే మెట్లు దిగాలి, 1 తీసుకుంటే దాదాపు నేరుగా పోవచ్చు. పికడిల్లీ దగ్గర క్రైటీరియన్ అయితే హాలు మొత్తం భూమి కిందే, ఏ టికెట్టు కొన్నా మెట్లు దిగాల్సిందే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు "కింది సీటే మంచిది" అని కళ్లు మూసుకుని కొనొద్దు, దిగినవాళ్లు మళ్లీ ఎక్కాలి కదా.

న్యూయార్క్

- 0: ఆర్కెస్ట్రా. వాద్యబృందం కూర్చునే చోటు కాదు, జనం కూర్చునే కింది అంతస్తు. "మాకు వాయించేవాళ్ల మధ్య సీటిచ్చారు" అని ఒకాయన నాకు నిజంగానే ఫోన్ చేశారు.
- 1: మెజనైన్. ఫ్రంట్, రియర్ అని రెండు ముక్కలు.
- 2: బాల్కనీ. అన్ని హాళ్లలో ఉండదు.

న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే చోటు బ్రాడ్‌వే. అక్కడ చాలా థియేటర్లకు రెండే అంతస్తులు. అలాంటి హాల్లో రియర్ మెజనైన్ చివరి వరస అంటే కప్పు కింద చివరి వరసే, పేరు ఎంత అందంగా ఉన్నా. ఫ్రంట్ మెజనైన్ మొదటి నాలుగైదు వరసలు మాత్రం డబ్బుకు తగిన చోటు, మనసులో రెండో ఆలోచన లేకుండా తీసుకోండి. అక్కడక్కడా లోజ్ అనే మాట కనపడితే, అది మెజనైన్ లేదా బాల్కనీ ముందు వరసలకు గానీ పక్క బాక్సులకు గానీ పెట్టిన పేరు. మ్యాపులో చూసి తేల్చుకోవాలి.

సంగీతశాలలు, ఆపెరా హాళ్లు

ఇవి అసలు పరీక్ష. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఆపెరాలో కింది నుంచి పైకి: ఆర్కెస్ట్రా, పార్టెర్, గ్రాండ్ టియర్, డ్రెస్ సర్కిల్, బాల్కనీ, ఫ్యామిలీ సర్కిల్. నా లెక్కలో డ్రెస్ సర్కిల్ మూడో అర. లండన్‌లో అదే పేరు మొదటి అర. ఫ్యామిలీ సర్కిల్ పేరు విని పిల్లాపాపలతో కూర్చునే చోటు అనుకోకండి, అది అన్నిటికన్నా పై అంతస్తు.

కార్నెగీ హాల్ పెద్ద హాల్లో పార్కెట్, ఫస్ట్ టియర్, సెకండ్ టియర్, డ్రెస్ సర్కిల్, బాల్కనీ. బాల్కనీకి 137 మెట్లు. అలిపిరి దారిలో 3,550 మెట్లెక్కిన మనకు 137 ఒక లెక్కా అనుకుంటారు గానీ, పైన మా అమ్మ కథ చదివారు కదా.

లండన్ రాయల్ ఆపెరా హౌస్‌లో ఆర్కెస్ట్రా స్టాల్స్, స్టాల్స్ సర్కిల్, గ్రాండ్ టియర్, బాల్కనీ, యాంఫీథియేటర్. ఇక్కడ బాల్కనీ పై కొస కాదు, దాని మీద యాంఫీథియేటర్ ఉంది. చూశారా, బాల్కనీ అనే ఒక్క మాట ఎన్ని ఎత్తుల్లో తిరుగుతోందో.

మిగతా యూరప్ త్వరగా. జర్మనీలో పార్కెట్ అంటే 0, రాంగ్ అంటే అర. ముందున్న అంకె ఎన్నో అర అని చెప్పేస్తుంది, అన్నిట్లోకీ నిజాయితీ గల పద్ధతి వాళ్లదే. ఇటలీలో ప్లతేయా అంటే 0, పాల్కి అంటే బాక్సులు, గల్లేరియా, లొజ్జోనే పై చోట్లు. ఫ్రాన్స్‌లో ఆర్కెస్త్ర్, పార్తెర్ అంటే 0, బాల్కన్ అంటే అర, అన్నిటికన్నా పై చవక సీట్లకు వాళ్ల ముద్దుపేరు కోళ్లగూడు. ఇంగ్లీషువాళ్లు దేవుళ్లన్నారు, వీళ్లు కోళ్లన్నారు, టికెట్టు మాత్రం ఒకటే రకం.

5. అర తేలింది, ఇప్పుడు వరస

ఒకే అరలో కూడా ముందు వరసకూ వెనక వరసకూ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంటుంది. మూడు విషయాలు చూడండి.

తల మీద ఏముంది? మీరు గీసిన బొమ్మలో 0 చివరి వరసలు 1 కింద దూరిపోయి ఉంటాయి. ఆ లోతైన చోట కూర్చుంటే వేదిక పై భాగం కోసుకుపోతుంది. ఆపెరాలో అనువాదం అక్షరాల్లో వేసే పలక వేదిక పైన ఉంటే అది అసలు కనపడకపోవచ్చు. శబ్దం కూడా మూత పెట్టినట్టు వస్తుంది. మైకు లేని సంగీతానికి కట్టే హాళ్లలో వాస్తుశిల్పులు పాటించే ఒక కొలత ఉంది: పై అర ఎంత లోతుకు కప్పేస్తుందో, ముందున్న సందు ఎత్తు కనీసం అంత ఉండాలి. మనం టేపు పట్టుకుని కొలవలేం గానీ, 0లో చివరి ఐదారు వరసలు వద్దని గుర్తుంచుకుంటే చాలు.

ముందు ఏముంది? బాల్కనీ మొదటి వరస అందరికీ ఇష్టం. కానీ చాలా హాళ్లలో పడిపోకుండా పెట్టిన కడ్డీ సరిగ్గా కూర్చున్న మనిషి కంటికి అడ్డొస్తుంది, పొట్టివాళ్లకూ పిల్లలకూ మరీ. రెండో వరసో మూడో వరసో చాలాసార్లు మేలు. ముందు వరసలో కూర్చుని కడ్డీ మీదికి వంగకండి, మీరు వంగితే వెనక నలుగురికి వేదిక మాయమవుతుంది.

పక్కన ఏముంది? బాక్సులూ పక్క చివరి సీట్లూ వేదికకు దగ్గరే, కానీ మీ వైపు మూల కనపడదు. "రిస్ట్రిక్టెడ్ వ్యూ" అని రాసి ఉంటే స్తంభమో కడ్డీయో కోణమో ఏదో ఒకటి అడ్డుంది. ఎందుకు చవకో తెలుసుకుని కొంటే తప్పు లేదు.

6. అక్షరాలు, అంకెలు

ఇది చిన్న విషయంలా కనపడుతుంది, సంసారాల్లో గొడవలు పెడుతుంది.

వరసల అక్షరాలు సాధారణంగా ప్రతి అంతస్తులోనూ మళ్లీ A నుంచి మొదలవుతాయి. మెజనైన్ A వరస అంటే వేదిక ముందు వరస కాదు, మెజనైన్‌లో ముందు వరస. I అనే అక్షరం ఒకటిలా కనపడుతుందని చాలా హాళ్లు వదిలేస్తాయి, O కూడా అంతే. AA అనే వరస కొన్ని హాళ్లలో Z వెనక ఉంటుంది, కొన్ని చోట్ల A కంటే ముందే, వేదికకు ఆనుకుని ఉంటుంది. రెండింటికీ ఎంత దూరమో ఊహించుకోండి.

బ్రాడ్‌వేలో సీటు నంబర్ల పద్ధతి మనకు పూర్తిగా కొత్త. ఎక్కువ హాళ్లలో వేదిక వైపు తిరిగి కూర్చుంటే ఎడమ పక్కన బేసి సంఖ్యలు, కుడి పక్కన సరి సంఖ్యలు, మధ్య బ్లాకులో 101 నుంచి వరసగా. అంటే 7 పక్కన ఉండేది 8 కాదు, 5, 9. మా చిన్నాన్న కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు, అమ్మానాన్నల కోసం ఇద్దరి దగ్గర విడివిడిగా 7, 8 టికెట్లు సంపాదించి భలే దొరికాయని మురిసిపోయాడు. చిన్నాన్న ఒక కొసన, పిన్ని ఇంకో కొసన, మధ్యలో పెద్ద బ్లాకు. ఇంటర్వెల్ దాకా ఒకరినొకరు వెతుక్కున్నారు. సరిచేసే దారి ఒక్కటే: ఇద్దరికీ రెండూ బేసి, లేదా రెండూ సరి, లేదా రెండూ 101 పైన.

మన సినిమా యాప్‌లలో మ్యాపు తిరగేసి ఉంటుంది. తెర బొమ్మ సాధారణంగా కింద ఉంటుంది, కాబట్టి మ్యాపులో పై వరస అంటే హాల్లో చివరి వరస. మెడ పట్టేసే ముందు వరసలో కూర్చున్నవాళ్లలో సగం మంది దీన్ని తలకిందులుగా చదివినవాళ్లే.

7. చూసేదాన్ని బట్టి అర

- సినిమా: బాల్కనీ ఉన్న పాత హాల్లో బాల్కనీ మధ్య వరసలు, మధ్య సీట్లు. చూపు తెర మధ్యకు నేరుగా పోతుంది. బాల్కనీ లేని హాల్లో ముందు నుంచి మూడింట రెండు వంతుల దూరంలో మధ్యన.
- నాటకం: ముఖం కనపడాలి. నటుడి ముఖంలో భావం తెలియాలంటే 20 మీటర్ల లోపు ఉండాలని హాళ్లు కట్టేవాళ్ల లెక్క. వరసకు 90 సెంటీమీటర్లు వేసుకుని, ముందు వదిలే ఖాళీ తీసేస్తే సుమారు 18వ వరస వరకు. 0లో ఐదు నుంచి పదిహేను, లేదా 1లో ముందు వరసలు.
- నాట్యం: నా ఓటు 1 ముందు భాగానికే. కూచిపూడి అయినా బ్యాలే అయినా పాదాలు కనపడాలి. 0 మొదటి వరసల్లో వేదిక అంచు పాదాలను మింగేస్తుంది. బృంద నాట్యంలో వరసలు కలిసి విడిపోయే అందం పైనుంచే తెలుస్తుంది.
- మైకు లేని ఆర్కెస్ట్రా సంగీతం: పై అరలు భయపడాల్సినవి కావు. శబ్దం అక్కడ బాగా కలిసి వస్తుంది. డబ్బు తక్కువుంటే ఇక్కడే మిగుల్చుకోండి.
- మన కచేరీ: మైకు ఉంటుంది కాబట్టి శబ్దం ఎక్కడైనా ఒకటే. వయొలిన్ మీద వేళ్లు చూడాలనుకుంటే 0 ముందుకు పోండి. డిసెంబరులో చెన్నై పోయి మ్యూజిక్ అకాడమీలో వినేవాళ్లు బాల్కనీ టికెట్టును చిన్నచూపు చూడకండి.

8. కొనేటప్పుడు వరస తప్పకుండా

1. హాలు సొంత సైటు తెరవండి, అమ్మకం సైటు తర్వాత. మ్యాపు అసలు వాళ్ల దగ్గరే చూడాలి.
2. అంతస్తుల పేర్లు కింది నుంచి పైకి మీ బొమ్మ మీద రాయండి, 0, 1, 2 అని.
3. వీధి నుంచి ఆ అంతస్తుకు ఎన్ని మెట్లు, లిఫ్టు ఏ అంతస్తు వరకు అని వెతకండి. పాత బ్రాడ్‌వే థియేటర్లలో చాలావాటికి పై అంతస్తులకు లిఫ్టే లేదు. సైటులో దొరక్కపోతే వాళ్లకు మెయిల్ పెట్టండి, జవాబిస్తారు.
4. ఆ సీటు నుంచి ఎవరైనా తీసిన ఫొటో ఉందేమో చూడండి. ఫొటోలో వేదిక చిన్నగా కనపడితే కంగారొద్దు, ఫోన్ కెమెరా దూరాన్ని పెంచి చూపిస్తుంది. అడ్డు ఏమైనా ఉందా అనేదే చూడండి.
5. సీటు నంబర్లు పక్కపక్కవేనా అని ఆరో భాగం ప్రకారం సరిచూడండి.
6. ఇప్పుడు ధర చూడండి. ముందే ధర చూస్తే మనసు అక్కడే ఆగిపోయి మిగతా ఐదూ చూడబుద్ధి కాదు, నాకే ఎన్నిసార్లో అయింది.

9. జరిగే తప్పులు, సరిదిద్దే దారి

పై టికెట్టు కొనేశారు, పెద్దవాళ్లు ఎక్కలేరు. వెంటనే బాక్సాఫీసుకు ఫోన్ చేసి విషయం చెప్పండి. ఖాళీ ఉంటే మెట్లు లేని చోటుకు మార్చే అవకాశం ఉంటుంది. షో రోజున గుమ్మం దగ్గర అడగడం కంటే వారం ముందు అడగడం మేలు.

పైకి పోయాక కళ్లు తిరుగుతున్నాయి. పై అరలు 35 డిగ్రీల వరకు నిటారుగా ఉండొచ్చు. వరస మధ్యకు పోయేటప్పుడు వేదిక వైపు చూడకుండా సీట్ల వైపు చూస్తూ నడవండి, ముందు కూర్చుని, తర్వాత చూడండి. కాసేపటికి అలవాటవుతుంది. అవ్వకపోతే అషర్‌ను, అంటే సీట్లు చూపించే మనిషిని పిలిచి వెనక వరసలో చోటు అడగండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

0 చివర్లో, కప్పు కింద సీటు పడింది. చాలా ముందుగా తెలిస్తే మార్చుకోండి. లేకపోతే నడవ పక్క సీటు అయినా తీసుకోండి, ముందు తలల బాధ కొంచెం తగ్గుతుంది.

తప్పు గుమ్మంలో నిలబడ్డారు. పెద్ద హాళ్లలో పై అంతస్తుకు వేరే ద్వారం, వేరే మెట్లు ఉండొచ్చు. టికెట్టు మీద డోర్ నంబరు చూడండి.

ఆలస్యమైంది. మన దగ్గర పేర్లు పడుతుండగా టార్చి లైటు వెలుగులో దూరిపోవచ్చు. లండన్, న్యూయార్క్‌లలో తలుపు మూస్తే మధ్యలో వీలు దొరికే దాకా బయటే నిలబెడతారు. పై అరల వాళ్లకు మెట్ల సమయం కూడా కలుపుకుని అరగంట ముందే చేరండి.

10. బయల్దేరే రోజు జేబులో

- టికెట్టు స్క్రీన్‌షాట్, అంతస్తు పేరు పక్కన మీరు వేసుకున్న 0, 1, 2 నంబరు
- డోర్ నంబరు, ఎడమా కుడీ
- పెద్దవాళ్ల కళ్లద్దాలు, దూరం చూసేవి. చదివే అద్దాలు తెచ్చుకుని పై అరలో కూర్చున్నవాళ్లను చూశా
- పై అరలకైతే చిన్న బైనాక్యులర్
- ఎత్తు సీట్లకు పెద్ద సంచులు వద్దు, కాళ్ల దగ్గర చోటుండదు
- బాత్‌రూమ్ మీ అంతస్తులోనే ఉందా, కిందికి దిగాలా అని లోపలికి పోగానే అషర్‌ను అడగండి. ఇంటర్వెల్‌లో అడిగితే ఆ జవాబు వినేసరికి మీ ముందు యాభై మంది వరసలో ఉంటారు